ఎడమ పక్క జాలయ్య

జాలయ్య బస్సు టాపు మీద కూర్చొని గడ్డం గీసుకుంటున్నాడు. నన్ను చూడగానే బ్లేడు గాలిలో ఆపి, "రా అన్నా, ఎదురుగా కూర్చో, అద్దం తేలేదు, నువ్వే అద్దం" అంటున్నాడు. నేను తంబూరా ఒళ్ళో పెట్టుకొని వాడి ఎదురుగా మఠం వేసుకొని కూర్చుంటున్నాను. బస్సు జోరుగా పోతోంది గాని లోపల డ్రైవరు లేడని పైనుంచే నాకు తెలుస్తోంది, అయినా దిగాలనిపించడం లేదు. రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు విచ్చుకొని తెల్లగా మెరుస్తున్నాయి, ఎండ కాస్తోంది గాని సూర్యుడు ఏ పక్కన ఉన్నాడో అంతు చిక్కడం లేదు, మా ఇద్దరి నీడలూ ఎక్కడా పడటం లేదు. వాడు ఎడమ చెంప ఉబ్బిస్తే నేను కుడి చెంప ఉబ్బిస్తున్నాను, వాడు గడ్డం ఎత్తితే నేనూ ఎత్తుతున్నాను, ఒక్క క్షణం వెనకబడితే బ్లేడు కండలో దిగుతుందని కన్ను తిప్పడం లేదు.

"కదలమాక అన్నా. అద్దం కదిలితే మనిషి తెగుతాడు" అంటున్నాడు జాలయ్య, నవ్వకుండా.

తను నవ్వకుండా ఎదుటివాణ్ణి నవ్వించడమే వాడి విద్య. కాని నాకు నవ్వు రావడం లేదు. వాడు పోయి పదకొండు రోజులైందని నాకు తెలుసు. డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలాడివి నీకెందుకని నలుగురూ వారించినా వినకుండా వాడి పాడెకు భుజం పెట్టాను. ఆ సంగతి ఇప్పుడు మర్యాద కోసం ఎత్తడం లేదు, అంతే. చచ్చిపోయిన మనిషితో నువ్వు చచ్చిపోయావని అనడం ఏం బాగుంటుంది?

ఇంకొకటి కూడా నాకు తెలుసు. పది గంటలకు మునిసిపల్ కల్యాణ మండపంలో వాడి సంస్మరణ సభ. ప్రధాన వక్త, ప్రసిద్ధ బుర్రకథ కళాకారుడు మద్దిరాల సుబ్బదాసు అని కరపత్రాలు పంచారు. ఆ సుబ్బదాసును నేనే. ఆ లోపల వీణ్ణి ఒక మాట అడిగి తీరాలి. పత్తి మిల్లు దగ్గర ఆ రోజు ఏం జరిగిందో లోకానికి చెప్పమంటావా, నాతోపాటే కాటికి పట్టుకుపొమ్మంటావా? నలభై రెండేళ్ళుగా ఆ సంగతి నా కడుపులో ఉంది. తెలిసినవాళ్ళు ముగ్గురమే. ఇద్దరు పోయారు.

"ఒరే జాలయ్యా..." అంటున్నాను.

"ఆగన్నా, మీసం దగ్గరకొచ్చా" అంటున్నాడు వాడు, ఒకవైపు మీసం నున్నగా తీసేసి రెండోవైపు అలాగే ఉంచేస్తూ. కథకు ఎక్కేటప్పుడు వాడి వేషం అదే, సగం మీసం. అది చూసి ముందు వరసలో పిల్లలు కిసుక్కుమనేవాళ్ళు, వెనక వరసలో ముసలమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొనేవాళ్ళు, వాడు ఇంకా నోరు తెరవకముందే సగం పని అయిపోయేది.

బస్సులోపలి నుంచి ఒక ఆడపిల్ల గొంతు వినిపిస్తోంది. జాలయ్య కూతురు నాంచారి. నిన్న సాయంత్రం మా ఇంటి వరండాలో నిలబడి ఏ మాటలన్నదో అవే మాటలు ఇప్పుడు బస్సు కిటికీలోంచి పైకి అంటోంది. "పెదనాన్నా, రేపు సభలో అన్నీ చెప్పు గాని ఆ మిల్లు సంగతి మాత్రం ఎత్తమాక. నాన్న తాగి మాట మరిచిపోయాడంట గదా అని చిన్నప్పటినుంచి విని విని చెవులు చిల్లులు పడ్డాయి. మా నాన్న తాగేవాడు కాదు పెదనాన్నా. మరి ఎట్టా మరిచాడో నాకు ఈనాటికీ అర్థంకాదు. అడిగితే ఎప్పుడూ చెప్పలా." నేను టాపు మీద నుంచి వంగి చూస్తే కిటికీలో ముఖం లేదు, గాజు మీద పత్తి దూది అతుక్కొని ఉంది.

"నీ కూతురురా" అంటున్నాను.

"అవునన్నా. మంచి గొంతు. నోరు మాత్రం వాళ్ళమ్మది" అంటున్నాడు జాలయ్య, కిందికి చూడకుండా.

బస్సు ఎప్పుడు ఆగిందో తెలియదు, మేమిద్దరం ఇప్పుడు ఒక బజారులో నిలబడి ఉన్నాం, చుట్టూ రాటలు పాతి రంగు కాగితాలు కట్టి ఉన్నాయి, మధ్యలో ఒక మనిషి సైకిలు తొక్కుతూ గుండ్రంగా తిరుగుతున్నాడు. ఏడు రోజుల సైకిలు. ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ కాలు నేల మోపకుండా తొక్కే ఆట, ఆ రోజుల్లో ఊరూరా వచ్చేది. పంతొమ్మిదేళ్ళ జాలయ్య చిరుగుల బనీను వేసుకొని మైకు పట్టుకొని అరుస్తున్నాడు, నా పక్కనున్న డెబ్బై మూడేళ్ళ జాలయ్య చేతులు కట్టుకొని వాణ్ణి చూస్తున్నాడు. "అయ్యా, ఈయన దిగడు, నేను ఊరుకోను! మాలో ఎవరు ముందు కూలబడతారో పందెం కాసుకోండి!" అంటున్నాడు ఆ కుర్ర జాలయ్య. సైకిలు తొక్కేవాడు నిద్రతో తూలుతున్నా జనం చూసేది అతణ్ణి కాదు, వీణ్ణి. నేనూ వీణ్ణే చూశాను. హాస్య వంత కోసం ఊళ్ళన్నీ గాలిస్తున్న రోజులవి.

"నవ్వించడం వచ్చా అని అడిగావు నన్ను" అంటున్నాడు నా పక్కనున్నవాడు.

"రాదన్నావు."

"రాదన్నా. ఏడిస్తే ఊరుకోబెట్టడం వచ్చన్నా."

ఆ ఒక్క మాటకు వాణ్ణి తెచ్చుకున్నాను. బుర్రకథలో హాస్య వంత పని సరిగ్గా అదే. కథకుడు మధ్యలో తంబూరాతో నిలబడి జనాన్ని ఏడిపిస్తాడు, కుడి పక్క వంత లోకం పోకడ మీద నాలుగు మాటలు విసురుతాడు, ఎడమ పక్క వంత ఆ ఏడుపు తుడుస్తాడు. నా కుడి పక్క ఏసోబు, ఎడమ పక్క జాలయ్య. పన్నెండేళ్ళు అలా నిలబడ్డాం. కృష్ణ దాటాం, గోదావరి దాటాం, రేడియోకెక్కాం. వాడి పేరుతో ఒకాయన సోడా కూడా అమ్మాడు, చీటీ మీద సగం మీసం బొమ్మ వేసి.

మా దళానికి ఒకటే కట్టుబాటు. కథకుడి మెడ ఎడమకు తిరిగితేనే హాస్య వంత నోరు విప్పాలి. తిరిగి, "ఏంది తమ్ముడూ, నీ మాట?" అని కథకుడు అడగాలి, అప్పుడు వాడు అందుకోవాలి. ఈలోపు నెత్తిన పిడుగు పడ్డా గుమ్మెట వాయిస్తూ నిలబడాలి తప్ప పెదవి కదలకూడదు. ఇద్దరి మాటా ఒకేసారి లేస్తే కథ కుక్కలు చింపిన విస్తరి అవుతుందని నా గురువు నాకు చెప్పాడు, నేను జాలయ్యకు చెప్పాను. చెప్పడం కాదు, మొదటి ఏడాది వాడు తొందరపడి నోరు తెరిచినప్పుడల్లా చేతి బొటనవేలికి తొడుక్కొనే ఇత్తడి అందెతో డొక్కలో పొడిచి పొడిచి నేర్పాను. రెండో ఏడాదికి వాడు నేర్చుకున్నాడు. ఎంత బాగా నేర్చుకున్నాడంటే, నా మెడలో నరం కదలకముందే వాడికి తెలిసిపోయేది.

నేను అడిగేవాణ్ణి, "ఏంది తమ్ముడూ, నీ మాట?"

వాడు గుమ్మెట ఆపి, ముఖం ముడుచుకొని అనేవాడు, "నాకెందుకులే అన్నా, నేను మాట్టాడను."

అంతే, జనం విరగబడేది. ఆ తరవాత పది నిమిషాలు వాణ్ణి ఆపగలిగినవాడు లేడు.

"పద అన్నా, ఏసోబు ఎదురుచూస్తుండాడు" అంటూ జాలయ్య సైకిలు తిరిగే గీతను దాటి నడుస్తున్నాడు. వాడి వెంట నేను ఒక రేకుల గదిలోకి వెళ్తున్నాను, వెళ్ళాక గాని అది పత్తి మిల్లు వెనక గది అని తెలియడం లేదు. ఆ గదికి వెళ్ళకూడదని నలభై రెండేళ్ళుగా ఆ ఊరి మీదుగా పోయే బస్సు కూడా ఎక్కలేదు నేను. మూల పత్తికట్టెల మంట దగ్గర ఏసోబు మాకు వీపు పెట్టి కూర్చొని, గుమ్మెట తోలు కాచి బిగువు చూసుకుంటున్నాడు. అతను పోయి పదహారేళ్ళు. వేలితో ఒకసారి తోలు మీద కొడుతున్నాడు గాని చప్పుడు రావడం లేదు, గాలినిండా దూది ఎగురుతోంది, ఏ శబ్దమూ దాన్ని దాటి రావడం లేదు.

"పెద్దకర్మ బాగా చేశారంట గదా" అంటున్నాడు జాలయ్య, ఎవరింట్లోనో పెళ్ళి సంగతి అడిగినట్టు.

"బాగానే చేశారు. కాకి ముట్టలేదురా."

"ముట్టలా?"

"గంటన్నర కూర్చున్నాం కాలవ గట్టు మీద. నీ కూతురు పిల్లల్ని చదివిస్తామని ఒకరు, నీ ఇంటి పైకప్పు వేయిస్తామని ఒకరు, ఎవరికి తోచింది వాళ్ళు పిలిచి మరీ చెప్పారు. ఒక్క కాకి వాలలేదు. చివరికి నీళ్ళలో కలిపారు."

"వంకాయ కూర పెట్టుంటారు. వంకాయ నాకు పడదు గదన్నా, దురద" అంటున్నాడు జాలయ్య. "నువ్వేం చెప్పావు?"

ఆ గట్టు మీద ఏం చెబితే కాకి వాలుతుందో అక్కడున్న అందరిలో నా ఒక్కడికే తెలుసు. కండువా తలకు చుట్టుకొని, ఎండగా ఉందని చెప్పి చెట్టు కిందికి పోయాను.

"సర్లే" అంటున్నాడు వాడు. "చీరల కొట్టోళ్ళు నా గొంతు ఇంకా వాడుతున్నారంట?"

"నిన్న కూడా మా వీధిలో తిరిగింది ఆటో. రండి అమ్మలారా, అక్కలారా అని."

"ఎట్టా ఉంది గొంతు?"

"బాగుందిరా."

"ఆ రికార్డింగు నాడు జలుబు చేసుంది నాకు" అంటున్నాడు జాలయ్య బాధగా, చచ్చిపోయినందుకు లేని బాధ దాని మీద ఉన్నట్టు. వాడి చివరి నలభై ఏళ్ళూ అంతే. దళం వదిలాక ఎగ్జిబిషన్లలో మోటారుసైకిళ్ళు తిరిగే మృత్యుకూపం దగ్గర టికెట్లకు జనాన్ని పిలిచాడు, పళ్ళపొడి అమ్మేవాళ్ళ వెంట బస్సులెక్కాడు, ఎన్నికలొస్తే ఏ పార్టీ పిలిస్తే ఆ పార్టీ జీపెక్కాడు, చివరికి మైకు ఆటో. వేదిక మీద మాత్రం మళ్ళీ ఎక్కలేదు. ఎక్కబోయిన రెండు మూడు చోట్లా వెనక వరసలోంచి ఎవడో ఒకడు, "జాలయ్యా, ఈసారి మాట గుర్తుందా?" అని అరిచేవాడు. ఆ అరుపు వాడి కంటే ముందు ఊళ్ళు చేరేది.

ఆ అరుపును ఊళ్ళకు చేర్చింది నేనే. ఎవరు ఇంటర్వ్యూకు వచ్చినా, ఏ సన్మానంలో మైకు దొరికినా, మిల్లు సంగతి చెప్పకుండా దిగలేదు. "పాపం, మా తమ్ముడు మాట మరిచిపోయాడు. నేను అందుకొని కథను గట్టెక్కించాను" అని చెప్పేవాణ్ణి, చప్పట్లు కొట్టేవాళ్ళు. చెప్పగా చెప్పగా చేయి తిరిగిన కథ అయిపోయింది అది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు వణికించాలో కూడా నాకు తెలుసు.

"అది చూడన్నా" అంటున్నాడు జాలయ్య.

గోడ మీద పోస్టరు. ఇందాక లేదు, ఇప్పుడు గోడంతా అదే. "నవ్వుల జాలయ్య బుర్రకథ" అని చేటంత అక్షరాలు, కింద "కథకుడు సుబ్బదాసు" అని అచ్చాఫీసు పేరంత చిన్నగా. ఆ రోజు పొద్దున మిల్లు గేటు దగ్గర దాని ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో నా ఒంటికి ఇప్పటికీ గుర్తుంది. కథ రాసుకున్నది నేను, పాట కట్టింది నేను, దళం నాది, పేరు నాది. సగం మీసంవాడికి చేటంత అక్షరాలు.

"నేను చెప్పలేదన్నా వాళ్ళకు అట్టా వెయ్యమని."

"తెలుసురా."

"అప్పుడు తెలుసా, ఇప్పుడు తెలుసా?"

"అప్పుడే తెలుసు" అంటున్నాను. నా గొంతు నాకే వినపడటం లేదు గాని మంట దగ్గర ఏసోబు వీపు మాత్రం విన్నట్టు కదులుతోంది.

మిల్లు కూత కూస్తోంది. అది మధ్యాహ్నం షిఫ్టు కూతా, పది గంటల సభకు పిలుపా అని నేను తేల్చుకొనేలోపే రేకుల గోడలు పక్కకు జరిగిపోతున్నాయి, మేం ముగ్గురం వేదిక మీద ఉన్నాం, ఎదురుగా మేడే సెలవు దొరికిన మిల్లు జనం పత్తి బేళ్ళ మీద, గోడల మీద, లారీల మీద కిక్కిరిసి కూర్చున్నారు. వాళ్ళకు ముఖాలు లేవు, దూది ఉంది. ముందు వరసలో ఒక్క ముఖమే స్పష్టంగా ఉంది. నాంచారి. ఆ రోజు ఆమె తల్లి కడుపులో ఉంది, ఇప్పుడు నెరిసిన జుట్టుతో, ఒళ్ళో చేతులు పెట్టుకొని, నా వంకే చూస్తోంది.

కథ సాగుతోంది. యుద్ధానికి పోయే కొడుక్కి తల్లి తిలకం దిద్దే ఘట్టం. తిరిగి రాడని తల్లికి తెలుసు, తెలుసని కొడుక్కి తెలుసు. నేను పాట ఎత్తితే బేళ్ళ మీద జనం గుటకలు మింగుతున్నారు, "తందాన తాన" అంటున్న ఏసోబు గొంతు కూడా పూడుకుపోతోంది. పాట దిగుతోంది. ఇప్పుడు మెడ తిరగాలి. తిరిగితే వాడు ఈ ఏడుపంతా తుడిచి పట్టుకుపోతాడు, రేపు ఊళ్ళో జనం తల్లిని మరిచిపోయి వాడి మాటే చెప్పుకుంటారు. నేను నిటారుగా ముందుకే చూస్తున్నాను.

గుమ్మెట ఒక వరుస తిరిగింది. జాలయ్య వాయిస్తున్నాడు. రెండో వరుస. నా ఎడమ చెంప మీద వాడి చూపు ఎండలా తగులుతోంది. మూడో వరుసకు జనం నవ్వారు, వీడేదో కొత్త వేషం వేస్తున్నాడని. నాలుగో వరుసకు నవ్వు ఆగిపోయింది. అయిదో వరుసకు, "మాట్టాడరా జాలయ్యా!" ఆరో వరుసకు, "మరిచిపోయాడ్రోయ్!" ఏడో వరుసకు ఎవడో, "తాగొచ్చాడ్రా నాయాలు!" అన్నాడు. అప్పుడు నేను మెడ తిప్పాను, కుడికి, ఏసోబు వైపుకు, కథ అందుకున్నాను.

"ఆరో వరుసప్పుడు ఏసోబు నన్నొక మాట అన్నాడు" అంటున్నాడు జాలయ్య, ఇప్పుడు, ఈ వేదిక మీద, గుమ్మెట వాయిస్తూనే.

"నాకు తెలియదు."

"అనరా జాలయ్యా, పరువు పోతుందిరా, అన్నాడు. నేను పెదవి కదపకుండా వాడికొక జవాబు చెప్పా."

"ఏమో, నాకు వినపడలేదురా. జనం అరుస్తున్నారు."

"వినపడింది అతనికి" అంటున్నాడు ఏసోబు. అతను మాట్లాడటం ఇదే మొదలు. "నేను అతని ముఖం చూశా."

ఇద్దరు చచ్చిపోయినవాళ్ళ మధ్య తంబూరా పట్టుకొని నిలబడి ఉన్నాను నేను, దిగిపోదామంటే వేదికకు మెట్లు లేవు. ఏం చేసేది? అవును, వినపడింది. అంత గోలలోనూ సూదిమొనలా వచ్చి చెవిలో దిగింది, అప్పటినుంచి ఒక్క రోజూ బయటికి రాలేదు.

"అన్న ఇంకా తిరగలా, అన్నావు" అంటున్నాను.

జాలయ్య తల ఊపుతున్నాడు, లెక్క తప్పిన పిల్లవాడు ఎట్టకేలకు సరిచేసుకుంటే పంతులు ఊపినట్టు.

"మరి ఎందుకురా అట్టా నిలబడ్డావు? నా ఖర్మ, ఒక్కసారి కట్టు తప్పితే ఏం? నీ మాట నువ్వు అనేస్తే నవ్వి చచ్చేవాళ్ళు గదరా జనం!"

"అనొచ్చన్నా. నాలుక చివరే ఉంది. కాని నువ్వు తిరక్కుండా నేనంటే, సుబ్బదాసు మరిచిపోయాడు తిరగడం, వంతగాడు కాపాడాడు అనుకుంటారు గదా జనం. దళం నీది." వాడి చేతులు ఆగడం లేదు. "రెండో వరుస దాకా నువ్వు మరిచిపోయావనే అనుకున్నా. మూడో వరుసలో నీ చెవి ఎర్రబడింది. అప్పుడు తెలిసింది."

"తెలిసి కూడా..."

"తెలిసి కూడా తిరుగుతావేమో అనుకున్నా అన్నా. ఏడు దాకా అనుకున్నా."

వాడి గొంతులో కోపం లేదు. కోపం ఉంటే దాన్ని పట్టుకొని పైకెక్కేవాణ్ణి. కాళ్ళ మీద పడదామని వంగబోతే తంబూరా అడ్డం వస్తోంది, క్షమించమందామంటే ఆ మాట వేదికల మీద ఎన్నిసార్లు ఎంత బాగా వాడానో గుర్తొచ్చి నోరు చేదుగా అవుతోంది. జనం మళ్ళీ అరవడం మొదలుపెట్టారు, దూది నోళ్ళు తెరుచుకొని, చప్పుడు లేకుండా. ముందు వరసలో నాంచారి ఒక్కతే అరవడం లేదు.

"తిరుగన్నా" అంటున్నాడు జాలయ్య. "వరుసలు అయిపోతున్నాయి."

తిప్పుతున్నాను. మెడ రావడం లేదు. తుప్పు పట్టిన మిల్లు చక్రంలా బిగుసుకుపోయి ఉంది. నరాలు పట్టుకొని పీకుతున్నట్టుంది, భుజం దాకా మంట పాకుతోంది, పళ్ళు కరుచుకొని తిప్పుతున్నాను. అయిదో వరుస. ఆరు. వెన్నులో ఎక్కడో ఏదో పటుక్కుమంది. తిరిగింది. సగం మీసం, చెమట పట్టిన నుదురు, నలభై రెండేళ్ళుగా నేను చూడని వాడి ఎదురు చూపు, అన్నీ ఒక్కసారిగా నా కళ్ళెదుట ఉన్నాయి.

"ఏంది..." అని నేను మొదలుపెట్టేలోపే వాడు గుమ్మెట ఆపేశాడు. జనం, దూది, మిల్లు అన్నీ ఆగాయి. వాడు తీరిగ్గా తన మెడ నా వైపు తిప్పి, నా గొంతుతో, నా సాగదీతతో, పన్నెండేళ్ళు నేను వాణ్ణి అడిగినట్టే అడుగుతున్నాడు.

"ఏందన్నా, నీ మాట?"

నాకు చెప్పవలసింది ఏమిటో తెలుసు. నాంచారి కొంచెం ముందుకు వంగింది. నా నోరు తెరుచుకుంది. నాలుక మీద దూది ఉంది. చూస్తే తంబూరా లేదు, నా చేతుల్లో గుమ్మెట ఉంది, ఏం చెయ్యాలో తోచక దాన్ని వాయిస్తున్నాను, ఒక వరుస, రెండు వరుసలు, జాలయ్య మెడ తిప్పుకొని ఎదురుచూస్తున్నాడు, వాడికి తొందరేం లేదు, మూడు, వాడు ఎన్ని వరుసలైనా చూడగలడు, నాలుగు...

"ఏందయ్యా ఆ కొట్టుడు? మంచం పట్టె పగిలిపోతుంది!"

సీతారావమ్మ గొంతు. మా ఆవిడ. కళ్ళు తెరిచాను. కిటికీలోంచి పొద్దు ముఖం మీద పడుతోంది, ఎనిమిది దాటింది. నా కుడి చేయి ఇంకా మంచం పట్టె మీద ఉంది. లేవబోయాను. మెడ దగ్గర కత్తి దిగినట్టయి కేక పెట్టాను. తల ఎడమ వైపుకు, గోడ వైపుకు, పూర్తిగా తిరిగిపోయి ఉంది. ఇటు తిప్పబోతే రావడం లేదు.

"దిండు జారిపోయిందిగా, పట్టేసింది" అంటూ ఆమె అమృతాంజనం తెచ్చి రుద్దింది. రుద్దిన కొద్దీ మండింది గాని అంగుళం కదల్లేదు. ఆమె ముందుకొచ్చి నా ముఖం చూద్దామని మంచానికీ గోడకూ మధ్య ఇరుక్కుంది. "ఇట్టా తిరిగిన మెడతో సభకేం పోతావు? నలుగురూ నవ్వుతారు. నాంచారి ఇందాకటినుంచి రెండుసార్లు ఫోను చేసింది, కారు పంపనా అని. మెడ పట్టింది, పెదనాన్న రాలేడు అని చెప్పేస్తా. పెద్దోడివి, ఎవురూ ఏమనుకోరులే."

నిజమే. ఎవరూ ఏమీ అనుకోరు. మెడ పట్టినవాణ్ణి సభకు రమ్మని ఎవరడుగుతారు? ఇంకో వక్త లేస్తాడు, జాలయ్య నవ్వులరాజు అంటాడు, పాపం ఒక్కసారి మాట మరిచాడు గాని అంటాడు, నా దగ్గర విన్నదే అంటాడు.

ఆమె చేతిలో ఫోను మోగుతోంది. చెయ్యి చాపాను. ఆమె ఇవ్వాలా వద్దా అని ఒక క్షణం చూసి ఇచ్చింది.

"నాంచారీ, పెదనాన్ననమ్మా."

"బయల్దేరావా పెదనాన్నా? జనం అప్పుడే వస్తున్నారు."

"వస్తున్నా. కారు పంపు. అమ్మా... ఆ మిల్లు సంగతి..."

"వద్దన్నాగా పెదనాన్నా. ఇవాళ ఒక్కరోజైనా వదిలెయ్యి మా నాన్నను."

"సభలో కాదు తల్లీ. ముందు నీకు. తరవాత సభకు." సీతారావమ్మ అమృతాంజనం మూత పెట్టడం మానేసి నా వంక చూస్తోంది. అటువైపు కుర్చీలు లాగుతున్న చప్పుడు, ఎవరో మైకు పరీక్షించుకుంటున్న చప్పుడు, తరవాత ఆమె ఎటో పక్కకు వచ్చినట్టుంది, ఆ చప్పుళ్ళు సన్నబడ్డాయి.

"ఏంది పెదనాన్నా?" అంది నాంచారి.

"చెబుతున్నానమ్మా" అన్నాను, గోడ వైపు తిరిగిపోయిన ముఖంతోనే. "మీ నాన్న మాట మరిచిపోలేదు."